టవర్ బ్యాచ్ మాటలు, ఇరవై రెండు దసరాలు

రౌడీల మాటలు ఏరుకు రావడానికి జగిత్యాల వెళ్తున్నానంటే మా భీమవరంలో ఒక్కరూ నమ్మలేదు. మా ఆడపడుచు అయితే, "వదినా, ఈ వయసులో జనం కాశీ వెళ్తారు, నువ్వేంటి రౌడీల దగ్గరికి?" అని నెత్తి కొట్టుకుంది. నాకు అరవై మూడేళ్ళు. హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వెనక బెంచీల దగ్గర దొరికిన చీటీలు చదివి పైకి కోప్పడేదాన్ని. లోపల మాత్రం ఈ మాట వీళ్ళకి ఎక్కడ దొరికిందబ్బా అని మురిసిపోయేదాన్ని. పుస్తకాల్లో మాటలకు నిఘంటువులున్నాయి, వ్యాకరణాలున్నాయి. పాపం, వీధి మాటలకు ఎవరున్నారు? రిటైరైన మర్నాడే ఒక లావుపాటి నోటుబుక్కు కొన్నాను.

మా మేడ మీద అద్దెకుండే శ్రీనివాస్‌ది జగిత్యాల. బ్యాంకులో పని. ఒకనాడు మెట్ల మీద నిలబడి ఫోన్లో ఎవరికో ధైర్యం చెబుతూ, "నువ్వు ఎక్కురా, నేను మోకు ఏస్త" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటని పట్టుకున్నాను.

"గది మా మల్లేశం మామ మాట మేడం. నా చిన్నప్పుడు ఆయన టవర్ బ్యాచ్‌కు దాదా. గసొంటి మాటలు ఆయన కాడ మస్తున్నయ్. దసరా ముందట పోతె మంచిగ ముచ్చట పెడతడు."

ఇంకేం కావాలి? శ్రీనివాస్‌కి సెలవు దొరకలేదు కానీ నాకు ఎవరి సెలవూ అక్కర్లేదు. దసరాకి మూడు రోజుల ముందు జగిత్యాలలో దిగాను.

జగిత్యాల: సీట్లు కుట్టే దాదా

టవర్, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న గడియారం స్తంభం, దగ్గర ఎవరిని అడిగినా మల్లేశం దుకాణం చూపిస్తారని శ్రీనివాస్ చెప్పాడు. నిజమే, చూపించారు. తప్పు నాదే. మోటార్ సైకిళ్ళకు సీట్లు కుట్టే ఆ దుకాణం ముందు నిలబడి, "ఇక్కడ దాదా మల్లేశం గారు ఎవరండీ?" అని క్లాసులో హాజరు పిలిచినట్టు పిలిచాను. సీటు కోసం వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు బిత్తరపోయారు. మిషను వెనక నుంచి ఒక బక్కపలచని మనిషి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని తల ఎత్తాడు. పక్కన రెగ్జిన్ కత్తిరిస్తున్న అమ్మాయి పడీపడీ నవ్వింది.

"మా బాపును దాదా అనంగ నేను పుట్టినంక గిదే మొదటిసారి ఇనుడు," అంది. ఆమె మల్లేశం కూతురు రవళి. దుకాణంలో సగం పని ఆమెదే.

"కూసోండ్రి మేడం. మా శీను ఫోన్ చేసిండు. చాయ్ తాగుతరా?" అన్నాడు మల్లేశం.

చాయ్ పది రూపాయలు. మా భీమవరంలోనూ పది రూపాయలే కానీ, అక్కడ ఇస్తే ఓ గ్లాసు. ఇక్కడ ఇచ్చింది రెండు గుక్కలు. అయితే ఆ రెండు గుక్కల్లోనూ దమ్ముంది. అది తాగుతూ నోటుబుక్కు తెరిచాను.

ముందు నాకు తెలిసినవి ఆయనకి చెప్పాను. "ఆడేమన్న పెద్ద తోపా" అంటారు కదా, మా వైపు తోపు అంటే సరుగుడు తోపు, మామిడి తోపు. ఈ తోపు అది కాదు. ఉర్దూలో తోప్ అంటే ఫిరంగి. ఫిరంగి లాంటి మొనగాడన్నమాట. అడ్డా కూడా అటునుంచి వచ్చిందే, నలుగురు చేరే చోటు. పోరంబోకు మన రెవెన్యూ వాళ్ళ మాట, శిస్తు లేని నేల. ఎవరికీ పనికిరాని నేల పేరు పనికిరాని మనిషికి తగిలించారు. ఇక బేవార్స్ అంటే వారసులు లేనివాడు.

మల్లేశం మిషను ఆపాడు. "గట్లనా? మేం ఊకెనె అనుకునేటోళ్ళం మేడం. నా అన్నోళ్ళు లేనోడంటె పాపం కద. గది తిట్టెట్లయింది?"

రౌడీ నోట ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. దాన్ని కూడా బుక్కులో రాసుకున్నాను. అప్పటికి చాయ్ అయిపోయింది.

తర్వాత ఆయన వంతు. వాళ్ళ నాన్న తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. మోకు అంటే గీత కార్మికుడు చెట్టు చుట్టూ, నడుము చుట్టూ వేసుకునే తాడు. అది ఉంటేనే రెండు చేతులూ వదిలి పైన పని చేసుకోగలడు. "మోకు ఏసుడంటె, దోస్తు ఏదన్న పనికి పోతె ఆడు పడకుంట మనం ఎన్క నిలవడుడు," అన్నాడు. టవర్ బ్యాచ్‌లో కానిస్టేబుల్‌ని ఈతచెట్టు అనేవారట. పొట్టిగా ఉంటుంది కానీ ముళ్ళుంటాయి. ఎస్సై తాటిచెట్టు. "లొట్టి నిండింది" అంటే ఓపిక అయిపోయింది, ఇక కొట్లాటే అని. లొట్టి కల్లు కుండ.

"కొట్లాటలు దేనికండీ?"

"సినిమా టికెట్ల కాడ, క్రికెట్ కాడ. ఇప్పుడు యాది చేసుకుంటె సిగ్గయితది. గీ పన్ను గప్పుడు పోయిందే." నోరు తెరిచి చూపించాడు. రవళి, "ఇగ సాలు తియ్యి బాపు," అని కసిరింది.

నా బుక్కులో శ్రీనివాస్ చెప్పిన మాటలు ఇంకా రెండు మిగిలాయి. పోగు తెగుడు అంటే స్నేహం చెడిపోవడం. నాడె అంటే కబురు మోసేవాడు. ఇవి గీత మాటల్లా లేవే, మగ్గం మాటల్లా ఉన్నాయే అన్నాను. మల్లేశం మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు.

"గవి మా బాపు దోస్తు సత్యం కాక మాటలు మేడం," అంది రవళి.

సత్యం, మల్లేశం ఒకే గల్లీలో పెరిగారు. వీళ్ళది గీత పని, వాళ్ళది నేత పని. బ్యాచ్‌కి ఇద్దరూ దాదాలే. సగం మాటలు చెట్టు మీది నుంచి దిగాయి, సగం మగ్గం మీది నుంచి వచ్చాయి. సత్యం కుటుంబం సిరిసిల్లలో మరమగ్గాల పనికి తరలిపోయాక కూడా ప్రతి దసరాకి బ్యాచ్ అంతా టవర్ దగ్గర కలిసేది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక దసరా నాడు ఇద్దరికీ మాటలు పోయాయి. అప్పటినుంచి ఒకరి మొహం ఒకరు చూడలేదు.

కారణం వింటే నవ్వొస్తుంది. కానీ అది అర్థం కావాలంటే ఇక్కడి దసరా తెలియాలి. మా వైపు దసరా అంటే అమ్మవారి పూజ, పులిహోర. ఇక్కడ ఆ సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళి ఆకు తెంపుకుంటుంది. ఆ ఆకునే బంగారం అంటారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆకు చేతిలో పెట్టి, కాళ్ళకు మొక్కుతారు. పెద్దవాడు ఆకు తేడు, కదలడు. చెయ్యి చాపుతాడంతే. సరే, వీళ్ళిద్దరిలో పెద్దవాడెవరు? ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. బడి రికార్డులో ఇద్దరి పుట్టినరోజూ జూన్ ఒకటి. చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకి తేదీ తెలియకపోతే పంతుళ్ళు రాసే తేదీ అదే. నేను కూడా ఎంతోమందికి అలాగే రాశాను. అది ఎవరి మెడకి ఎప్పుడు చుట్టుకుంటుందో రాసేవాళ్ళకేం తెలుస్తుంది?

ఆ దసరాకి ఇద్దరూ తనే పెద్దని చెయ్యి చాపారు. ఎవరూ ఆకు పెట్టలేదు. ఆ మరుసటేడు ఇక్కడ ఈయన, అక్కడ ఆయన ఇంట్లో కూర్చున్నారు. వాడే వస్తాడని ఈయన, వీడే వస్తాడని ఆయన. అలా ఆ గొడవ పండగతో కలిపి ఇరవై రెండు దసరాలు గడిచిపోయాయి.

"దసరా ఎల్లిన మూడోనాడు ఆడు మహారాష్ట్రల భివండికి పోతుండట, కొడుకు కాడికి. ఇగ రాడట," అన్నాడు మల్లేశం మిషను మీంచి తల ఎత్తకుండా.

"మీకెలా తెలుసు?"

"నాకేం ఎరుక? నాకవసరమే లేదు."

"రోజుకు ఒగలిని అడుగుతడు మేడం," అంది రవళి.

కుట్టు వంకర పోయింది. మల్లేశం దారం తెంపి, విప్పుతూ, "మీరు సిరిసిల్ల గూడ పోతరట కద. నేనడిగిన్నని చెప్పకుండ్రి," అన్నాడు.

"ఏమని అడగమంటారు?"

"ఏం అడగకుండ్రి. ఊకెనె సూసి రాండ్రి. చెవులు సరిగ ఇనస్తలేవన్నరు ఎవలో. నిజమా కాదా సూడుండ్రి."

మధ్యాహ్నం రవళి ఇంటి నుంచి సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, మిరపకాయలు కలిపి గిన్నెకే అద్ది కాలుస్తారు. బాగుందని నాలుగు తిన్నాను. ఆ పూట అన్నం సంగతి, మర్నాడు పొద్దున టిఫిను సంగతి కూడా మర్చిపోవలసి వచ్చింది.

కోరుట్ల: రెండు దారుల్లో వచ్చిన మాట

కోరుట్ల వెళ్ళే షేర్ ఆటోలో నేను నోటుబుక్కు తీసి, బడి పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు, "బేవార్స్, లోఫర్, పోరంబోకు" అని నెమరేసుకుంటున్నాను. ఆటో టక్కున ఆగింది.

"నన్నేనా అవ్వా?" అన్నాడు డ్రైవరు.

బుక్కు చూపించి బతిమాలుకున్నాక బండి కదిలింది. ఆ తర్వాత అతన్ని ఆపడం నా వల్ల కాలేదు. కోరుట్ల వచ్చేదాకా కొత్త మాటలు చెబుతూనే ఉన్నాడు. వాటిలో రెండు వినగానే పక్కనున్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అవి కూడా రాసుకున్నాను, ఎందుకు వదలాలి? దిగేటప్పుడు, "మాటలకు పైసల్లేవ్ అవ్వా, ఆటోకే," అన్నాడు.

కోరుట్లలో కలవమని శ్రీనివాస్ చెప్పిన మనిషి గంగారాం. టవర్ బ్యాచ్‌లో అందరికన్నా చిన్నవాడు. పందొమ్మిదేళ్ళు గల్ఫ్‌లో క్రేన్ నడిపి వచ్చి, ఇప్పుడు పెళ్ళిళ్ళకు కుర్చీలు, టెంట్లు కిరాయికి ఇస్తున్నాడు. మనిషి నవ్వుతూనే మాట్లాడతాడు. నన్ను కుర్చీల దొంతర మీంచి ఒక కొత్త కుర్చీ తీసి మరీ కూర్చోబెట్టాడు.

కోరుట్లలో ప్రతి రెండో ఇంట్లోనూ గల్ఫ్ వెళ్ళి వచ్చినవాళ్ళుంటారని విన్నాను. మాటలు వింటే నమ్మకం కుదిరింది. ఇక్కడి కుర్రాళ్ళ బ్యాచ్‌లో నాయకుణ్ణి ముదీర్ అంటున్నారు. అరబ్బీలో ముదీర్ అంటే మేనేజరు. పోనీలే, వదిలెయ్ అనడానికి ఖల్లివల్లి. నాకు బాగా నచ్చింది ఖలాస్. అరబ్బీలో అయిపోయిందని అర్థం. ఆ మాట ముందు ఉర్దూ మీదుగా, బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చింది. అలా వచ్చినప్పుడు దానికి కత్తి పట్టించారు. ఖల్లాస్ చేస్తా అంటే చంపేస్తానని. తర్వాత అదే మాట గల్ఫ్ నుంచి విమానంలో దిగింది.

"నా భార్య నేనింటికొచ్చిన తెల్లారి మస్తు భయపడ్డది మేడం. అన్నం తిని ఖలాస్ అన్న. ఎవలిని అని అడిగింది," అన్నాడు గంగారాం.

మల్లేశం, సత్యం సంగతి ఎత్తగానే అతని నవ్వు తగ్గింది.

"నాకేం రంది లేకుండె. నేను అందరికన్న సిన్నోన్ని, ఇద్దరికి ఆకు పెట్టి మొక్కేటోన్ని. ఆల్లకే కష్టమొచ్చింది. ఎడారిల ఒకనాడు క్రేన్ మీదికెల్లి సూస్తె ఒక్క చెట్టు కనవడ్డది. దగ్గరికి పోతె మన జమ్మి! ఆడ గాఫ్ అంటరు. గా ఏడు దసరాకు మా రూముల పన్నెండు మందిమి, ఎనిమిది ఊర్లోల్లం. ఎవడు పెద్దోడో ఎవడు సిన్నోడో ఎవలికి ఎరుక? వరుసగ నిలవడి పక్కోని చేతిల పెట్టుకున్నం. కావలిచ్చుకున్నం. అందరం ఏడ్సినం."

"మరి వీళ్ళు కూడా అలా చెయ్యొచ్చు కదా?"

"ఈల్లు గల్ఫ్ పోలేదు కద మేడం," అని మళ్ళీ నవ్వాడు.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని తన ఉపాయం చెప్పాడు. దసరా సాయంత్రం ఇద్దర్నీ తన ఇంటికి రప్పించాలి. మల్లేశానికి, సత్యం నీకు ఆకు పెట్టడానికి వస్తున్నాడని చెప్పాలి. సత్యానికి, మల్లేశం నీకు పెట్టడానికి వస్తున్నాడని చెప్పాలి. ఎదురుపడితే తర్వాత సంగతి దేవుడే చూసుకుంటాడు. నా ముందే మల్లేశానికి ఫోన్ చేసి మొదటి అబద్ధం ఆడేశాడు. అవతలి నుంచి "ఎన్ని గంటలకు?" అని మాత్రం వినిపించింది.

"సత్యం అన్నకు ఫోన్‌ల ఇనవడదు. గది మీరే చెప్పాలె. మీరే మా నాడె," అన్నాడు గంగారాం.

అబద్ధం ఆడరాదని తరగతి తరగతికీ చెప్పిన నోరు నాది. సరేనన్నాను.

సిరిసిల్ల: సాంచాల చప్పుడులో

సిరిసిల్లలో సత్యం పనిచేసే వీధిలో అడుగుపెట్టగానే మాటలు వదిలేసుకోవాలి. షెడ్డు తర్వాత షెడ్డు, మరమగ్గాల మోత. మరమగ్గాన్ని వీళ్ళు సాంచ అంటారు. అటు మహారాష్ట్ర మిల్లుల్లోనూ దాదాపు ఇదే మాట ఉందట. వలస వెళ్ళినవాళ్ళు మగ్గాలతో పాటు మాటని కూడా తెచ్చుకుని ఉంటారని నా ఊహ. ఇక్కడి వాళ్ళు నోటితో తక్కువ, కళ్ళతో ఎక్కువ మాట్లాడుకుంటారు. ఒకరు పెదవులు కదిపితే ఇంకొకరు పది మగ్గాల అవతలి నుంచి తల ఊపుతారు.

సత్యం నెరిసిన గడ్డంతో, పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నాడు. పోగు మోసే నాడె ఇటునుంచి అటు పరుగెత్తుతుంటే దాని వెంటే ఆయన కళ్ళు. ఒక పోగు తెగింది. నేను చూసేలోపే సాంచ ఆపి, రెండు కొసలూ వేళ్ళ మధ్య నలిపి ముడేశాడు. పోగు తెగుడు అనే మాట పుట్టిన చోటు కళ్ళారా చూశాను. ఇక్కడ తెగిన పోగుని అతకడానికి పట్టేది నాలుగు క్షణాలు.

ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య లక్ష్మి మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, వేడివేడిగా పెట్టింది. మా మినప గారెలకు అలవాటు పడ్డ నాలుకకి ఆ తియ్యదనం కొత్త. మూలన మూటలు కట్టి ఉన్నాయి, భివండికి.

"చెవులు పోయినయ్ మేడం. సాంచ కాడ నిలవడి నిలవడి పోయినయ్. ఇగ ఈడ పనియ్యరు. కొడుకు రమ్మంటుండు," అన్నాడు. వినపడనివాళ్ళు అంతే, మనకి కూడా వినపడదనుకుంటారు. ఆయన గొంతుకి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

నేను ఆయన మొహానికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడివిడిగా, నా జీవితంలో అతి స్పష్టమైన అబద్ధం చెప్పాను. "మల్లేశం గారు దసరాకి కోరుట్ల వస్తున్నారు. మీకు ఆకు పెడతారట."

ఆయన గారె పక్కన పెట్టాడు. నా పెదవుల వంకే చూస్తూ, "ఆడా? ఆడు నాకు పెడతడా?" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మేడం, ఒక్క మాట చెప్త. ఎవలకు చెప్పకుండ్రి," అంటూ ముందుకి వంగాడు. ఆ మాటే వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. లక్ష్మి లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"ఆడే పెద్దోడు. మా అవ్వ సచ్చిపోయే ముందట చెప్పింది. మల్లేశం ఉగాదికి పుట్టిండురా, బతుకమ్మకు నువ్వింక నా కడుపులనే ఉన్నవ్ అన్నది. ఇరవై ఏండ్లయింది గా మాటకు."

"మరి అప్పుడే వెళ్ళి చెప్పొచ్చు కదా?"

"చెప్తె నేను సిన్నోన్నయిత కద మేడం!"

కోపం వచ్చింది, జాలి వేసింది. ఆకు పెట్టించుకోవడానికి వెళ్ళే అర్హత తనకి లేదని ఆయనకి తెలుసు. "అయినా వస్త. ఒక్కపారి ఆని మొకం సూసి పోత," అన్నాడు. లక్ష్మి నా ప్లేటులో ఇంకో రెండు గారెలు వేసింది.

కోరుట్ల, మళ్ళీ: రెండు ఖాళీ చేతులు

దసరా పొద్దున గంగారాం వాళ్ళు నన్ను పాలపిట్టని చూడటానికి పొలాల్లోకి తీసుకెళ్ళారు. చూస్తే శుభమట. గంట తిరిగితే ఒక్కటి కనపడింది, అది కూడా కరెంటు తీగ మీద. మధ్యాహ్నం మాంసం కూర, బగార అన్నం. దసరా నాడు మాంసమా అని నేను నోరు వెళ్ళబెడితే, దసరా నాడు మాంసం లేకుండానా అని వాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. నాకు పచ్చిపులుసుతో పెట్టారు. దాంతోనే రెండుసార్లు కలుపుకున్నాను.

సాయంత్రం అయిదింటికి గంగారాం వాకిట్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. రవళి నడుపుతున్న స్కూటర్ మీద మల్లేశం కొత్త చొక్కాతో దిగాడు. పది నిమిషాలకి సత్యం బస్సు దిగి నడిచి వచ్చాడు, ఆయనదీ కొత్త చొక్కాయే. ఒకరినొకరు చూసుకోకుండా చూసుకున్నారు. కూర్చున్నారు. ఇద్దరూ ఒక్కసారే కుడి చేతులు చాపారు.

అలాగే ఉండిపోయారు. ఇరుగుపొరుగు గోడల మీంచి చూస్తున్నారు.

"బాపు, ఆకేది?" అంది రవళి మెల్లగా.

"నన్నడుగుతవేందే? ఆన్నడుగు!"

అప్పుడు తెలిసింది మాకు. పెద్దవాడు ఆకు తేడు కదా. ఇద్దరూ పెద్దవాళ్ళుగానే వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ ఒక్క ఆకు లేదు. గంగారాం తన దగ్గరున్న జమ్మి అంతా అప్పటికే ఊళ్ళో పెద్దలకు పంచేసి వచ్చాడు. ఇంత పథకం వేసినవాడు ఆకు మర్చిపోయాడు.

మల్లేశానికి గంగారాం ఆడిన నాటకం అర్థమైంది. మొహం నల్లబడింది. "పా బిడ్డా, పోదం," అని లేచాడు. సత్యానికి అదేమీ వినపడలేదు. ఆయన చెయ్యి అలా చాపే ఉంది.

మల్లేశం ఆ చేతి వంక చూశాడు. "గిదేందిరా, గింత బక్కగయినవ్?" అన్నాడు. మళ్ళీ అన్నాడు, గట్టిగా. సత్యం కళ్ళు చికిలించి పెదవులు చదవబోయాడు. మల్లేశం నా వైపు తిరిగాడు.

"మొత్తానికే ఇనస్తలేదా మేడం?"

తల ఊపాను. ఆయన రెండడుగులు వేసి, సత్యం చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "లే! చెట్టుకాడికి పోదం!"

ఊరి చివర జమ్మిచెట్టు చుట్టూ ఇంకా జనం ఉన్నారు. కింది కొమ్మలు బోడిగా ఉన్నాయి, పైన మాత్రమే ఆకు మిగిలింది. మల్లేశం చెప్పులు విడిచాడు. "బాపు, పిచ్చా నీకు, ముండ్లున్నయ్!" అని రవళి మొత్తుకుంది. ఆయన తువ్వాల మాను చుట్టూ వేసి పట్టుకున్నాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, మిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టిన మనిషి, ఎక్కడం మొదలుపెట్టాడు. కింద సత్యం రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"ఎక్కురా! నేను మోకు ఏసిన!" ఆ కేక కోరుట్ల అంతా వినే ఉంటుంది. "జల్ది! ఈతచెట్టు సూస్తుంది!"

నిజంగానే బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన చూస్తున్నాడు. ఈతచెట్టు ఎక్కడుందా అని చుట్టూ వెతికి, అందరూ నవ్వుతుంటే తనూ నవ్వాడు.

మల్లేశం అందినంత రెమ్మ తెంపాడు. చేతులు ఖాళీ లేక కిందికి వదిలాడు. అది సూటిగా సత్యం దోసిట్లో పడింది.

గంగారాం ఎగిరి గంతేశాడు. "పెట్టిండు! మల్లేశమన్న పెట్టిండు! అంటె మల్లేశమన్ననే సిన్నోడు!"

"అరేయ్, మోసం! చెల్లది!" అని మల్లేశం పైనుంచి అరిచాడు. జనమంతా ఒకటే నవ్వు. సత్యం నవ్వలేదు. మల్లేశం చేతులు గీరుకుపోయి కిందికి దిగేదాకా ఆ రెమ్మ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. దిగాక దాన్ని ఆయన చేతిలో పెట్టి, వంగి రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"నువ్వే పెద్దోనివిరా. అవ్వ చెప్పింది."

మల్లేశం, సత్యం చెవిలో అరిచాడు. "ఎప్పుడు చెప్పింది?"

"ఇరవై ఏండ్లయింది!"

మల్లేశం ఆ చెట్టు కిందే కూలబడ్డాడు. "ఇరవై దసరాలు మింగినవు కదరా నువ్వు!" అన్నాడు. తిట్టాడు, వీపు మీద ఒకటి చరిచాడు, కావలించుకుని ఏడ్చాడు. ఆయన తిట్టినవన్నీ నాకు తెలిసిన మాటలే, అర్థాలతో సహా. ఒక్కటీ రాసుకోలేదు. నాకూ ఏడుపు ఆగలేదు.

భీమవరంలో

ఇంటికి వచ్చాక మా ఆడపడుచుకి అంతా చెప్పాను. రౌడీలు ఏడ్చారంటే నమ్మలేదు.

మొన్న రవళి ఫోన్ చేసింది. సత్యం అనుకున్న రోజే భివండి వెళ్ళిపోయాడట. సామాను మోయడానికి తోడుంటానని, వారం రోజుల్లో వచ్చేస్తానని మల్లేశం కూడా వెళ్ళాడట.

"నెల దాటింది మేడం. దుకాణంల సీట్లన్ని నేనే కుడుతున్న. ఎప్పుడొస్తవ్ బాపు అని ఫోన్ చేస్తె, ఇద్దరు కలిసి ఏదో మాటంటరు, ఇగ ఒకటే నవ్వుడు. గా మాటకు మతలబ్ ఏంది? మీ బుక్కుల ఉంటది కద."

ఏ మాటమ్మా అని అడిగాను. చెప్పింది. నా బుక్కులో ఉంది. అచ్చులో వేసే మాట కాదు, కూతురికి విప్పి చెప్పే మాట అంతకన్నా కాదు.

"ఇప్పట్లో ఇంటికి రానని అర్థమమ్మా," అన్నాను.